ఆరోగ్యసామి నూనె డబ్బా

జార్జి టౌన్‌లో ఆ సందుకు ఇంగువ సందని పేరు పెట్టింది కార్పొరేషన్ కాదు, జనాల ముక్కులు. కార్పొరేషన్ పెట్టిన పేరొకటి గోడమీద నీలం రేకులో ఉంది గానీ దాన్ని చదివేది పోస్ట్‌మాన్ ఒక్కడే. ప్యారిస్ కార్నర్ దగ్గర బస్సు దిగి, ముక్కు చెప్పిన దారిన నడిస్తే ఎదురెదురుగా ఉన్న రెండు ఇంగువ అంగళ్ళ మధ్య తేలతారు. ఎడమ పక్కది ఏకాంబరం శెట్టిది, కుడి పక్కది మునిరాజు శెట్టిది. మధ్యలో ఎనిమిది అడుగుల రోడ్డు. ఆ ఎనిమిది అడుగులు దాటి ఈ అంగడి మాట ఆ అంగడికి పోయి ఇరవయ్యొక్క ఏళ్ళయింది.

రాజ్యాలు చిన్నవే గానీ పంతాలకు కొదవ లేదు. ఏకాంబరం తన క్యాలెండరులో పెరుమాళ్ళను వేయిస్తే మునిరాజు మురుగన్‌ను వేయించేవాడు. ఈ అంగడి సరుకు లాగే చేతిబండి ఆ గడప ముందు ఆగకూడదు. కాఫీ తెచ్చే నాగప్పన్ ఈ అంగడికి ఇత్తడి గ్లాసులు, ఆ అంగడికి గాజు గ్లాసులు వేరువేరుగా పెట్టుకున్నాడు. ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరికి పోయిందని తెలిస్తే వాడి కాఫీ ఇద్దరికీ అక్కర్లేకుండా పోతుంది మరి.

అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది మాత్రం సందులోని చెవులు. మునిరాజు షట్టరు తుప్పుపట్టిపోయి, ఉదయం తొమ్మిదికి ఆయన దాన్ని ఎత్తేటప్పుడు ప్రాణం పోయేటట్టు అరిచేది. ఆ అరుపుకు ఆ అంగడి మేడమీది పావురాలు లేచిపోయేవి. నాలుగు చుక్కల నూనె వేస్తే తీరిపోయే రోగమే. ఎదురింటాయన చెవిలో పడాలనే నూనె వేయడం లేదని సందంతా గట్టిగా నమ్మింది. మునిరాజు కాదనలేదు.

తొంభై నాలుగు, మే నెల ఎండల్లో ఏకాంబరానికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోలేదు గానీ మూతి ఒక పక్కకు లాగి, ముద్దముద్దగా వచ్చేది. ఒక్కడే కొడుకు కిట్టు అంబత్తూరులో లేతు మిషన్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఇంగువ వాసనకు చిన్నప్పటి నుంచీ తలనొప్పి అతనికి. ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజు ఏకాంబరం కోడలు వాసంతిని పిలిచి, ఎడమ చేత్తో అంగడి తాళాలు ఆమె కొంగులో వేశాడు.

ఆడమనిషి ఇంగువ అంగడి గద్దె మీద కూర్చోవడం ఆ సందు ఎరగదు. మొదటి వారం సరుకు అక్కర్లేనివాళ్ళు కూడా బేరానికి వచ్చి ఆమెను చూసి పోయారు. పద్నాలుగేళ్ళుగా మేడమీద మామగారికి కాఫీ కలుపుతూ, కింద అంగట్లోంచి వచ్చే ఇంగువలో మంచిదేదో, పిండి కలిపిందేదో ముక్కుతోనే పట్టేయడం ఆమె నేర్చుకుందని వాళ్ళకేం తెలుసు. రెండో వారానికి చూడ్డానికొచ్చేవాళ్ళు తగ్గి, కొనడానికొచ్చేవాళ్ళు మిగిలారు.

తాళాలిచ్చేటప్పుడు ఏకాంబరం రెండే మాటలు చెప్పాడు. "ఎదురంగడి పక్క చూడొద్దు. శుక్రవారం షట్టరుకు నూనె మరవొద్దు."

మొదటిది ఆమెకు తెలిసిందే. రెండోదే ఎప్పుడూ అర్థం కాలేదు. ప్రతి శుక్రవారం దీపం పెట్టాక ఆయన స్టూలెక్కి షట్టరు రెండు పక్కలా నూనె వేసేవాడు. దానికొక పాత డబ్బా ఉంది, సైకిల్ షాపుల్లో ఉండే పొడుగు ముక్కు డబ్బా. దానిమీద తెల్ల రంగుతో ఆరోగ్యసామి అని రాసి ఉంటుంది. ఆయన దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టేవాడు. షట్టరు మీద అంత భక్తి ఎందుకని ఆమె ఒకసారి అడిగితే "ఇనుముకు నూనె వెయ్యాల, అంతే" అన్నాడు.

అంతా సర్దుకుంటోంది అనుకుంటుండగా సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, గంజి తీసుకుని మెట్లెక్కుతున్న వాసంతికి లోపల మాటలు వినబడ్డాయి. ఏకాంబరం భార్యతో అంటున్నాడు.

"రాజలక్ష్మీ, నన్ను తీసకపొయ్యేటప్పుడు ముందు వీధిలో వద్దు. వెనక సందులో తీసకపోండి."

"ఏం మాటలివి. అయినా ఆడ మురికికాలవ ఉండాది కదా."

"ఉండనీ. ముందు వీధిలో పోతే వాడు షట్టరు దించడు. పదిమంది చూస్తా ఉండగా నా పాడె వాడి తెరిచిన అంగడి ముందర పోవాల్నా? కాలవ పక్కన పోయేదే మేలు."

వాసంతి గంజి గిన్నె పట్టుకుని మెట్ల మీదే నిలబడిపోయింది. యాభై ఏళ్ళు ఆ సందులో తలెత్తుకుని తిరిగిన మనిషి, చివరికి దొడ్డిదారిన పోతానంటున్నాడు. ఈ మనిషి ముందు వీధిలోనే పోవాలి, అంతకంటే ముందు కొన్నేళ్ళు హాయిగా బతకాలి అని ఆ మెట్టు మీదే నిశ్చయించుకుంది. ఇప్పుడు అంగడి ఆమెది, కాబట్టి తగువూ ఆమెదే.

మొదటి రాయబారం ఆయుధపూజకు నడిచింది. పూజయ్యాక అంగళ్ళవాళ్ళు ఒకరికొకరు మరమరాలు, పుట్నాలు, బెల్లం పొట్లాలు పంచుకోవడం అక్కడి మామూలు. వాసంతి అందరికంటే పెద్ద పొట్లం కట్టించి, గుమాస్తా కుప్పుసామి చేతికిచ్చి ఎదురంగడికి పంపింది. కుప్పుసామి ముప్పై ఏళ్ళుగా ఆ అంగట్లోనే ఉన్న మనిషి. ఎనిమిది అడుగులు దాటడానికి ఐదు నిమిషాలు తీసుకున్నాడు. వెనక్కి రావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. పొట్లం దారం కూడా విప్పలేదు.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదమ్మా. పొట్లం పక్క చూసినారు, నా పక్క చూసినారు. నాకే భయమై తెచ్చేసినా."

రాయబారి పిరికివాడైతే ఏ రాజ్యమైనా ఏం చేస్తుంది. వాసంతి ఆ మరమరాలు తనే తింటూ, ఆ సాయంత్రం అత్తగారి పక్కన చేరింది. "అత్తా, అసలేం జరిగిందో చెప్పు. అంగడి నాకిచ్చినారు, ఈ ముడి మాత్రం నాకు తెలీకుండా కట్టిపెట్టినారు."

రాజలక్ష్మి గదిలోకి తొంగిచూసి, భర్త నిద్రపోతున్నాడని చూసుకుని మొదలుపెట్టింది.

ఆ సందులో ఒక కట్టుబాటు ఉంది. వ్యాపారస్తుడెవరైనా పోతే, పాడె వచ్చేటప్పుడు ప్రతి అంగడి యజమానీ బేరం ఆపి, షట్టరు సగానికి దించి, చెప్పులు విడిచి బయట నిలబడాలి. పూర్తిగా మూస్తే అది సెలవు. సగానికి దించితేనే మర్యాద. పాడె మలుపు తిరిగాక మళ్ళీ ఎత్తుకోవచ్చు. అంతా కలిపి రెండు నిమిషాల పని.

మునిరాజు, ఏకాంబరం ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. డెబ్బై మూడులో, కార్తీక బహుళ త్రయోదశి నాడు మునిరాజు తండ్రి వెంకటాచలపతి శెట్టి కాలం చేశాడు. మర్నాడు శుక్రవారం. తెల్లవారుజామునే పోయి వెదుర్లు కట్టించింది ఏకాంబరమే. పదకొండింటికి ఎత్తుతారన్నారు. తన అంగడి దగ్గర తను నిలబడాలి కదా అని తొమ్మిదిన్నరకు సందులోకి వచ్చాడు.

"అప్పుడు సందులో అందరికీ పలకల తలుపులే. మీ మామ ఒక్కరే షట్టరు పెట్టించినారు, పెట్టించి వారం గూడా కాలేదు. కొత్త ఇనుము. కుప్పుసామి దాన్ని జానెడు దించినాడో లేదో, ఊరు లేచిపోయేట్టు అరిచింది. పెద్దాయన పోతా ఉంటే ఆయన మొగం మింద ఈ అరుపు అరిపిస్తానా అన్నారు మీ మామ. నేను వచ్చేదాకా తాకొద్దని చెప్పి, నూనె కోసరం మలుపులో ఉండే ఆరోగ్యసామి సైకిల్ షాపుకు పరిగెత్తినారు. వాడు లేడు, టీకి పోయుండాడు. లోపల వెతికి డబ్బా తెచ్చేసరికి..."

"పాడె పోయింది."

"శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తాదని ఎవురో గుర్తు చేసినారంట. పది గంటలకే ఎత్తేసినారు. సందంతా తలుపులు సగం మూసి నిలబడింది. మన అంగడి ఒకటే బార్లా తెరిచి, లైట్లు వేసి ఉండాది. ముందర కుండ పట్టుకుని పోతా ఉండే మునిరాజు చూసినాడు."

"చెప్పి ఉండొచ్చు కదత్తా."

"చెప్పేదానికే శ్మశానానికి పోయినారు. పదిమంది ముందర, అంగడి దించేదానికి తీరిక లేనోడు ఈడికెందుకొచ్చినాడు అన్నాడు మునిరాజు. మీ మామ ఆడినుంచే తిరిగొచ్చేసినారు. ఆరేండ్లప్పటి నుంచి నన్ను చూసినోడు, నేను అట్ల చేస్తానని నమ్మినాడు కదా, ఇంక వాడికి చెప్పేదేముంది అన్నారు. నాతో, కుప్పుసామితో ఒట్టు పెట్టించుకున్నారు. ఎవురూ వాడికి ఒక్క మాట చెప్పకూడదు."

నాలుగేళ్ళకు మునిరాజు కూడా షట్టరు పెట్టించాడు. దానికి ఏనాడూ నూనె వేయలేదు.

"ఇంకోటి చెప్పనా" అంది రాజలక్ష్మి. "ఏటా ఆ తిథి రోజు మీ మామ మధ్యాన్నం దాకా ఏమీ తినరు. కడుపు బాగలేదంటారు. ఇరవయ్యొక్క ఏండ్లుగా అదే రోజు కడుపు బాగుండదు." చెప్పేటప్పుడు ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. తర్వాత వాసంతి చేత కూడా ఒట్టు పెట్టించుకుంది.

వాసంతి ఒట్టుకు కట్టుబడే మనిషి. చెప్పకూడదంటే చెప్పదు. చెప్పకుండా ఏం చేయవచ్చో నెల రోజులు ఆలోచించింది.

నవంబరు చివర్లో వానలు పట్టుకున్నాయి. సందులో నీళ్ళు, నీళ్ళలో అరటి తొక్కలు. కార్తీక బహుళ త్రయోదశి ఆ ఏడు బుధవారం వచ్చింది. మునిరాజు తిథి రోజున కూడా తొమ్మిదికి అంగడి తెరిచి, తండ్రి పటానికి దండ వేసి, పదిన్నరకు ఇంటికి పోయి తద్దినం పెడతాడు. పది గంటలకు కుంభకోణం నుంచి వచ్చిన పెద్ద బేరగాడు వాసంతి ఎదురుగా కూర్చుని మూడో రకం ఇంగువ వాసన చూస్తున్నాడు.

"అయ్యా, కొంచెం బయటికి రండి" అంది వాసంతి.

ఆయన ఏమీ అర్థంకాక లేచి వచ్చాడు. ఆమె చెప్పులు విడిచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, షట్టరు పట్టుకుని సగానికి దించింది. అది సడి లేకుండా దిగింది. ఆమె వాన తుంపరలో చేతులు కట్టుకుని నిలబడింది. కుప్పుసామి ముసలి కళ్ళు పెద్దవి చేసుకుని చూసి, తనూ చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు. మేడ మీంచి రాజలక్ష్మి కూడా దిగివచ్చింది.

సందు ఆగిపోయింది. చేతిబళ్ళవాళ్ళు బళ్ళు దించి అటూ ఇటూ చూశారు. పాడె ఎక్కడా లేదు. నాగప్పన్ గాజు గ్లాసులు ఒక చేత్తో, ఇత్తడి గ్లాసులు ఒక చేత్తో పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ఎవురు పోయినారమ్మా?"

"వెంకటాచలపతి శెట్టిగారు" అంది వాసంతి. "ఈ అంగడికి కొంచెం ఆలస్యమైంది."

మునిరాజు పటం ముందు అగరొత్తి వెలిగిస్తూ ఆగిపోయాడు. అరవై రెండేళ్ళ మనిషి, ఆరడుగుల ఎత్తు. రెండు నిమిషాలు ఎదురంగడినే చూశాడు. వాసంతి మేడ కిటికీ వైపు చూసింది. కోపం వచ్చి సందులో నాలుగు మాటలు అంటే, ఆ మాటలు మేడమీద కిటికీ పక్కన పడుకున్న మామగారి చెవిలో పడతాయి. అప్పుడు వెనక సందు ఖాయం.

ఆయన రోడ్డు దాటి వచ్చాడు.

"ఎవురు చేయమన్నారమ్మా నిన్ను?"

"ఎవురూ చెప్పలేదు పెద్దాయనా. అంగడి నాది. చేయాల్సింది చేసినా."

ఆయన వంగి షట్టరు అంచు పట్టుకుని, ఇక చాలన్నట్టు పైకి ఎత్తాడు. అది గాలికి లేచినట్టు లేచింది. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. మళ్ళీ దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"దీనికి సద్దే లేదే. ఇన్నేండ్లు ఈ పక్క చెవే పెట్టలేదు నేను. పెట్టిన కొత్తల్లో ఇది అరిచిన అరుపు నాకు బాగా గుర్తు."

"మామ శుక్రవారం శుక్రవారం నూనె వేస్తారు. ఇప్పుడు నేను వేస్తా ఉండా."

"శుక్రవారమే ఎందుకు?"

చెప్పనని వాసంతి ఒట్టు పెట్టింది. చూపించనని పెట్టలేదు. లోపలికి పోయి, దీపం గూటి పక్కనుంచి నూనె డబ్బా తెచ్చి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది. కుంకుమ బొట్టు కింద తెల్లటి అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. మునిరాజు కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. ఒకసారి చదివాక మరోసారి చదివాడు.

వాసంతికి తెలియని సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో వీధి వ్యాపారుల సంఘానికి మునిరాజే కార్యదర్శి. కర్మలయిన మర్నాడు ఆరోగ్యసామి ఆయన దగ్గరికి వచ్చి మొరపెట్టుకున్నాడు, సామీ, మీ నాయన పాడె పోయిన పూట నా నూనె డబ్బా ఎవడో ఎత్తుకుపోయినాడు, శవం పోతా ఉంటే గూడా దొంగతనం చేసే ఊరా ఇది అని. దుఃఖంలో కూడా మునిరాజుకు నవ్వొచ్చి, సంఘం తరఫున వాడికి కొత్త డబ్బా కొనిపెట్టాడు. తర్వాత ఆరోగ్యసామి షాపు మూసి సొంతూరు పోయాడు గానీ, ఆ నూనె దొంగ కథ మాత్రం సందులో చాలా ఏళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు.

"వీడా" అన్నాడు మునిరాజు. "ఆ దొంగ వీడా."

కుప్పుసామి తల వంచుకుని, ఇరవయ్యొక్క ఏళ్ళు మింగిన మాటను ఆపడానికి పై కండువా నోట్లో కుక్కుకున్నాడు. మునిరాజు అతని వంక చూసి, షట్టరు వంక చూసి, డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. మేడమెట్ల వైపు ఒక అడుగు వేశాడు. అక్కడ ఆగాడు. తర్వాత వెనక్కి తిరిగి, డబ్బా చేత్తో పట్టుకునే, వానలో తద్దినానికి వెళ్ళిపోయాడు.

"డబ్బా తీసకపోయినాడే" అంది రాజలక్ష్మి. "శుక్రవారం మీ మామకు ఏం చెప్తావు?"

వాసంతి తన దగ్గర ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ చేతులారా ఇచ్చేసింది. ఆ పూట కుంభకోణం ఆయన ఏం కొన్నాడో కూడా ఆమెకు సరిగ్గా గుర్తులేదు. పైన ఏకాంబరం కడుపు బాగలేదని మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు. కింద జరిగింది ఎవరూ ఆయనకు చెప్పలేదు.

మర్నాడు అంగడి తెరిచి కుప్పుసామిని కూర్చోబెట్టి, వాసంతి గంజి తీసుకుని పైకి వెళ్ళింది. రాజలక్ష్మి ఆయన వీపు వెనక దిండు సర్దుతోంది. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. ఏకాంబరం గంజికి నోరు తెరవలేదు, చెవి కిటికీ వైపు పెట్టాడు. ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. పావురాలు ఎదురు మేడమీద కూర్చునే ఉన్నాయి.

"అమ్మా, వాడు తెరవలేదు."

"వస్తారులే మామా. గంజి చల్లారిపోతాది."

"లేదు. తద్దినం మర్నాడైనా, తుపాను రోజైనా తొమ్మిదికి వాడి షట్టరు అరవాల్సిందే. అది విన్నాకనే నేను నోట్లో నీళ్ళు పోసుకునేది. వాడుండాడు, బాగుండాడు అని." పడిపోని ఎడమ చెయ్యి ఆమె ముంజేతిని పట్టుకుంది. "వాడికేమో అయింది. నువ్వు కిందికి పో. మన షట్టరు సగానికి దించు. ఎవురో వచ్చి చెప్పేదాకా ఉండొద్దమ్మా. ఈసారి ఆలస్యం కాకూడదు. పోమ్మా, పో."

ముసలాయన ఏడుస్తున్నాడు. ఒక పక్క మూతి మాత్రమే కదులుతోంది. వాసంతి గంజి గిన్నె కింద పెట్టి కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

ఎదురంగడి తెరిచే ఉంది. షట్టరు పైదాకా ఎత్తి ఉంది. దాని కింద ఖాళీ స్టూలు, స్టూలు చుట్టూ నూనె మరకలు ఉన్నాయి. మునిరాజు మాత్రం లేడు.

మేడమెట్ల మీద అడుగుల చప్పుడయింది. తలుపు దగ్గర తల వంచి మునిరాజు లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా మోచేతుల దాకా నల్లటి నూనె. చేతిలో ఆరోగ్యసామి డబ్బా.

"నేనింకా చావలేదురా" అన్నాడు.

ఏకాంబరం ఆయన్నీ, డబ్బానూ, కోడలినీ చూశాడు.

"నేనొక్క మాట చెప్పలేదు మామా" అంది వాసంతి. "ఒట్టు."

మునిరాజు వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. మంచం కిర్రుమంది. "ఒక మాట చెప్పి ఉంటే ఏంరా నీకు? ఒక్క మాట."

"నువ్వు అడిగి ఉంటే ఏంరా?"

మునిరాజు నూనె చేత్తోనే ఏకాంబరం పడిపోయిన కుడి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏకాంబరం తన భార్య వైపు తిరిగాడు. "వెనక సందు వద్దులే" అన్నాడు. ఏ వెనక సందు అని మునిరాజు అడిగితే రాజలక్ష్మి కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అదుండనీ" అన్నాడు ఏకాంబరం, ముద్ద మాటల్లోనే కోపం తెచ్చుకుని. "ఆ షట్టరుకు నూనె ఎవురు వేయమన్నారు నిన్ను? ఇంక సద్దు లేకపోతే రోజూ నువ్వుండావో లేదో నాకెట్ల తెలిసేది?"

"నేనే వచ్చి చెప్తాలేరా" అన్నాడు మునిరాజు. "తొమ్మిదికి తెరిచి, నేరుగా ఈడికే వచ్చి చెప్తా, ఉండానని."

వాసంతి కిటికీలోంచి వంగి నాగప్పన్‌ను పిలిచి, పైకి రెండు కాఫీలు తెమ్మంది. వాడు కిందనుంచి తలెత్తి ఇత్తడివా, గాజువా అని అడిగాడు. ఏది చేతికొస్తే అది తెమ్మని చెప్పింది.